వెన్నులో సూది

అలిపిరి దగ్గర మేముండే అపార్టుమెంటులో కింది ఇంటావిడ పోయిన వారం ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, కొడుక్కి మెదడుకు టీబీ పట్టిందేమోనని డాక్టర్లు అనుమానపడుతున్నారనీ, వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్ష చేస్తామంటున్నారనీ, తీయిస్తే నడుము పడిపోతుందని చుట్టాలు భయపెడుతున్నారనీ చెప్పి ఏడ్చింది. నాకు ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు, ఇన్నేళ్ళయినా చావని ఆ మాట మీద. ముందు పరీక్ష చేయించమని గట్టిగా చెప్పాను. మా మేనత్తే కళ్ళ ముందు మెదిలింది.

అప్పుడు మేం పాకాలలో ఉండేవాళ్ళం, నేను డిగ్రీ చదువుతున్నాను. నాయన చెల్లెలైన అత్తది మా వీధిలోనే కాపురం, చంకలో చంటిబిడ్డ. వారాల తరబడి తలనొప్పి, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, తిన్నది కక్కుకోవడం చూసి, బాలింతకు గాలి సోకిందని మా నాయనమ్మ తాయెత్తు కట్టించింది. ఒకరోజు అత్త తన బిడ్డనే చూసి, ఇది ఎవరి బిడ్డ అని అడిగింది. అప్పుడు గాని తిరుపతి రైలెక్కించలేదు. తోడుగా నేనూ వెళ్ళాను. డాక్టరు మెడ వంచబోతే కొయ్యలా బిగిసింది. జబ్బేదో తేలాలంటే వెన్నునీరు తీయాలన్నాడు. మామ ఒప్పుకోలేదు.

“నడుము పడిపోతే బిడ్డను ఎవురు సాకేది సార్? మాకొద్దు, ఇంటికి తోలుకుపోతాం.”

మామ చెడ్డవాడు కాదు, అత్తంటే ప్రాణం. ఆ ప్రేమే ఆమె పాలిట శాపమైంది. కొద్దిరోజులకే స్పృహ తప్పితే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్ళీ మోసుకెళ్ళాం. ఈసారి మామ ఒప్పుకున్నాడు. వెన్నులో సూది గుచ్చేటప్పుడు అత్తను పక్కకు తిప్పి, మోకాళ్ళు కడుపులోకి ముడిచి నేనే పట్టుకున్నాను. ఆ నీళ్ళతో మెదడుకు టీబీ అని తేలింది. నెలల తరబడి సూదులు, మాత్రలు. అత్త బతికింది, బిడ్డను గుర్తుపట్టింది, కాళ్ళు మాత్రం రాలేదు. వైద్యం ఆలస్యమై జబ్బు వెన్నుకు పాకిందని డాక్టరు విడమరిచి చెప్పినా వినేదెవరు? సూది వేసినారు, కాళ్ళు పోయినాయి, అంతే అని వీధి వీధంతా తేల్చేసింది.

మరుసటి ఏడు మా వీధిలోనే పెళ్ళికెదిగిన ఒక పిల్లకు అచ్చం అవే లక్షణాలు కనిపించాయి. ఆ పిల్ల తల్లి అత్తను అడిగిపోదామని వచ్చింది.

“సూదే నన్ను బతికించింది అక్కా. ఆలస్యం సేసినందుకు కాళ్ళు పోయినాయి. నీకు దండం పెడతా, బిడ్డను తీసకపో” అని అత్త బతిమాలింది.

ఆ తల్లి, చాపమీద చచ్చుబడిన అత్త కాళ్ళకేసి చాలాసేపు చూసి, తలూపి వెళ్ళిపోయింది. పిల్లను ఆసుపత్రికి తీసుకుపోలేదు. ఆ పిల్ల శవం అత్త గుమ్మం ముందు నుంచే పోయింది, అత్త చెవులు మూసుకుని కూర్చుంది.

ఇప్పుడు స్కానింగులున్నాయి, మందులు ఉచితంగా ఇస్తున్నారు, ఆ జబ్బు నుంచి లేచి ఎప్పటిలా పనికి పోయేవాళ్ళను నేనే చూశాను. అలాంటి ఒక్క మనిషి ఆ రోజుల్లో మా వీధిలో ఉండి ఉంటే ఆ పిల్ల బతికేదేమోనని ఇప్పటికీ అనుకుంటాను. ఆ పిల్ల పోయాక కూడా అత్త మాత్రం చెప్పడం మానలేదు. ఎవరింట్లో తలనొప్పి తగ్గలేదన్నా కబురు పెట్టి పిలిపించేది. వాళ్ళు గడప తొక్కేలోగా, కాళ్ళ మీద దుప్పటి కప్పమని నన్ను తొందరపెట్టేది.