కట్టుకాళ్ళాయన, మా దొర

ఆ రోజుల్లో మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండడం చదువుకున్న లక్షణంగా చలామణీ అయ్యేది. మా కాలేజీ స్టాఫ్‌రూములో ఒకాయనకి షేర్లు, ఒకాయనకి హోమియోపతి, కెమిస్ట్రీ మేడంకి పూసల పర్సులు. కొత్తగా చేరిన ఫిజిక్సు లెక్చరర్ని నేను. నాకు ఏ పిచ్చీ లేకపోవడం నాకే వెలితిగా ఉండేది. అలాంటిది ఒక మధ్యాహ్నం క్రికెట్ ముక్కలేవో చూస్తూ ఫోను పక్కన పెట్టి చెయ్యి కడుక్కొచ్చేసరికి, ఫోను తనంతట తనే ఇంకో వీడియో మొదలుపెట్టేసింది. ఇద్దరు మహాకాయులు మట్టి బరిలో ఎదురెదురుగా నిలబడి కాళ్ళెత్తి నేలని తొక్కుతున్నారు, గుప్పెళ్ళతో ఉప్పు చల్లుతున్నారు, ఒకళ్ళనొకళ్ళు కళ్ళతో మింగేస్తున్నారు, మళ్ళీ మనసు మార్చుకుని వెనక్కి పోతున్నారు. ఇంత ఏర్పాటూ అయ్యాక అసలు కుస్తీ నేను మజ్జిగ గ్లాసు ఎత్తి దించేలోపు అయిపోయింది. గెలిచినవాడు నవ్వలేదు. ఓడినవాడు మొహం మాడ్చుకోలేదు. ఇద్దరూ వంగి దణ్ణం పెట్టుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. మా కాలేజీ వాలీబాల్ మ్యాచీల్లో ఒక్క పాయింటుకి చొక్కాలు విప్పి తిరిగే వీరుల్ని చూసిన కళ్ళకి ఇది కొత్త. ఆ వారంలోనే నేను సుమో అభిమానినైపోయాను. (సుమో అంటే పెళ్ళివారిని కుక్కి తీసుకెళ్ళే జీపు కాదని నేను చెప్పుకోవలసి వచ్చిన మనుషుల్ని వరసగా నిలబెడితే అద్దంకి బస్టాండు నిండుతుంది.)

జపాన్‌లో పెద్ద కుస్తీలు జరిగే సాయంత్రం వేళ మనకి సరిగ్గా భోజనాల వేళ. ఈ సంగతి నాకు దైవసంకల్పంగా తోచింది. కాలేజీ అద్దంకిలోనే అయినా నా మకాం ఆ పక్క ఊళ్ళో మా మేనమామ ఇంట్లో. అన్నానికి బండి మీద ఇట్టే వచ్చేసేవాణ్ణి. అభిమానం ముదిరి ఒకసారి వాళ్ళలాగే కాళ్ళెత్తి తొక్కే సాధన కూడా మొదలెట్టాను, డాబా మీద. అప్పట్లో నా బరువు ఒక మిర్చి టిక్కీ బస్తా కంటే కాస్త ఎక్కువ, అంతే. అయినా కింద వంటింట్లో సున్నం పెచ్చులు పప్పుగిన్నెలో రాలాయి. "పైన ఎవుర్నైనా పాతిపెడతన్నావా?" అని కేకేసింది అత్తయ్య. నా కుస్తీ జీవితం అంతటితో ముగిసింది. చూపరిగానే స్థిరపడ్డాను.

మామయ్య పత్తీ మిరపా వేసేవాడుగానీ అవి ఆయనకి కాలక్షేపం. అసలు వ్యాపకం ఎడ్లు. మా వైపు తిరునాళ్ళల్లో బండలాగుడు పోటీలుంటాయి. ఎడ్లజతకి పెద్ద రాతిబండ కట్టి లాగిస్తారు, ఇచ్చిన సమయంలో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. మామయ్య జతలో పెద్ద ఎద్దు దొర. (ఎద్దుని 'అది' అంటే ఆ ఇంట్లో అన్నం పుట్టదు, 'వాడు' అనాలి.) వాడితో మామయ్య గెలవని తిరునాళ్ళ లేదు. కానీ వాడికి వయసైపోయింది. కిందటేడు పొదిలి ఊరాయన జతతో పోటీ పడుతూ దొర మోకాళ్ళ మీద కూలిపోయాడు. ఇంకోసారి కూలితే మళ్ళీ లేవడని, ఇక కాడి పెట్టొద్దని పశువుల డాక్టరు గట్టిగా చెప్పాడు. "ఆయనకి ఎద్దులు తెలుసు, దొర తెలవదు" అన్నాడు మామయ్య. ఆ మాట దగ్గరే ఇంట్లో భార్యాభర్తల మధ్య మాటలు పొడిపొడిగా తయారయ్యాయి.

మామయ్య నా ఫోనులోకి తొంగి చూడ్డం మొదలెట్టింది ఆ వానాకాలంలోనే.

"ఏందిరా అల్లుడా అది?"

"సుమో, మామయ్యా. జపాన్ కుస్తీ."

ఫోను లాక్కుని చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "కాళ్ళు బాగున్నాయే. పళ్ళెన్ని?"

"ఎవరికి?"

"ఆ ఇద్దరికీ. రెండు పళ్ళ విభాగమా, నాలుగు పళ్ళా, సీనియర్లా?"

ఎడ్లని పళ్ళు చూసి విడగొట్టి, ఒకే ఈడువాటి మధ్యే పోటీ పెట్టడం మా వైపు న్యాయం. సుమోలో ఈడునిబట్టీ బరువునిబట్టీ విభాగాలుండవనీ, బక్కవాడు తనకి రెండింతల వాడితోనైనా, కుర్రవాడు ముసలివాడితోనైనా తలపడాల్సిందేననీ చెప్పాను. మామయ్యకి నిజంగా కోపం వచ్చింది. "కమిటీవోళ్ళు ఏం చేస్తన్నారంట?"

ఆ రోజునుంచీ మధ్యాహ్నం మా ముగ్గురికీ అదే పని. మామయ్య మెడా పిర్రా చూసి గెలిచేదెవరో చెప్పేవాడు, సుడులు కనపడకుండా నెత్తిన ఆ జుట్టుముడి వేసుకోవడమేంటని విసుక్కునేవాడు. నేను గరిమనాభి అనీ బలభ్రామకం అనీ శాస్త్రీయంగా చెప్పేవాణ్ణి. అత్తయ్య మాత్రం పెరుగు వడ్డిస్తూ ఓసారి చూసి, ఎవడు వాళ్ళమ్మ మాట వినేలా ఉన్నాడో వాడు గెలుస్తాడనేది. మా ముగ్గురి పద్ధతులూ ఇంచుమించు ఒకే స్థాయిలో తప్పేవి.

మామయ్య మనసు పెట్టుకున్నది ఒక్కడి మీద. రెండు మోకాళ్ళకీ తెల్లటి కట్లతో వచ్చేవాడు, పెద్దవాడు. ఒకప్పుడు అందరికంటే పై హోదాకి ఒక్క మెట్టు దూరంలో ఉండేవాడట, ఇప్పుడు పోటీ పోటీకీ కిందికి జారుతున్నాడు. మామయ్య ఆయనకి కట్టుకాళ్ళాయన అని పేరు పెట్టాడు. గెలిచిన రోజున పశువులకి చిట్టు ఎక్కువ పడేది, ఓడిన రోజున పాలేరుకి తిట్లు పడేవి. "ఇంకా సత్తా ఉందిరా వాడికి. ఆ కుర్రనాయాళ్ళు జారుడు మట్టిలోకి లాగబట్టిగానీ" అనేవాడు. నేను ఊఁ కొట్టేవాణ్ణి. మాట్లాడుతున్నది జపాన్ గురించి కాదని అర్థం కావడానికి ఫిజిక్సు అక్కర్లేదు.

సెప్టెంబరు పోటీల్లో కట్టుకాళ్ళాయన కుడి మోకాలు మడతపడి బరి అంచున కూలిపోయాడు. చెయ్యందివ్వబోయిన వాళ్ళని వద్దని, తనే లేచి, దణ్ణం పెట్టి కుంటుకుంటూ వెళ్ళాడు. మొహంలో ఏమీ లేదు. మర్నాడు కుస్తీ మానేస్తున్నట్టు వార్త.

"ఎవుడు మానమన్నాడు?" అన్నాడు మామయ్య ముద్ద కంచంలో వదిలేసి.

"ఎవరూ అనలేదు. ఆయనే మానుకున్నాడు."

"ఒక్క పడుడు పడితే మానతాడంట్రా మగోడు?"

వంటింట్లోంచి అత్తయ్య అంది: "మానినోడికున్న బుద్ధి చూసేవోడికి లేకపాయె."

తర్వాత మామయ్య ఫోను వంక చూడలేదు. పంతం పట్టినట్టు దొరకి ఉలవలు పెంచాడు, ఖర్జూరాలు పెట్టాడు, తెల్లారగట్ల ఇసకబస్తాలు లాగించాడు. శివరాత్రి వెళ్ళాక జరిగే తిరునాళ్ళకి సీనియర్ల విభాగంలో పేరిచ్చాడు. దొర నడుస్తుంటే ముందరికాలు కీచుమనేది, అందరికీ వినపడేది, మామయ్యకి తప్ప. "నువ్వు చెప్పరా, చదువుకున్నోడివి" అని అత్తయ్య నన్ను పురమాయించింది. మోకాలి కీలు మీద బరువెలా పడుతుందో నేను నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి మరీ చెప్పాను. మామయ్య శ్రద్ధగా విని, లేచి, దొరకి ఇంకో దోసెడు ఉలవలేశాడు.

తిరునాళ్ళ దగ్గరపడ్డాక ఒక ఆదివారం భోజనాల దగ్గర, కట్టుకాళ్ళాయన జుట్టు కత్తిరించే ఉత్సవం చూస్తున్నాను. మామయ్యకి చూపించాలని కాదు, నాకు చూడాలని ఉంది, అంతే. పట్టుబట్టలు కట్టుకుని బరి మధ్యలో పీట మీద కూర్చున్న ఆయన్ని చూసి, "ఏంది, పెళ్ళా?" అన్నాడు మామయ్య ఉండబట్టలేక ఫోను లాక్కుని.

"కుస్తీ మానేవాళ్ళకి ఆ ముడి తీసేస్తారు మామయ్యా. దానికో పద్ధతుంది. తెలిసినవాళ్ళందరూ వరసగా వచ్చి తలా కాస్త కత్తిరిస్తారు, ఆఖర్న గురువు."

ఒక్కొక్కరే వస్తున్నారు. వెనక నిలబడి, నాలుగు వెంట్రుకలు కత్తిరించి, భుజం తట్టి వెళ్తున్నారు.

"ఈడు మనోణ్ణి ఎత్తి అవతలేసినోడు గదా? ఈడితో గూడా కత్తిరింపిస్తారా?"

"అదే మర్యాదట."

అత్తయ్య గరిటె పట్టుకునే వచ్చి కూర్చుంది. "వాళ్ళమ్మేది?"

"ఆడవాళ్ళు ఆ బరి ఎక్కకూడదట అత్తయ్యా. కింద కూర్చుందేమో."

"అంతలావు వాణ్ణి మోసినప్పుడు లేదా ఆ రూలు?"

ఇంతలో గురువు వచ్చి ముడి పూర్తిగా కోసి ఎత్తి పట్టుకున్నాడు. గెలిచినా ఓడినా కదలని ఆ మొహం అప్పుడు కదిలింది. పసిపిల్లాడిలా ఏడ్చాడు. మామయ్య ఫోను నా చేతికిచ్చి, "ఛార్జింగు పెట్టుకో" అని కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

తిరునాళ్ళ రోజున దొరకి స్నానం చేయించాడు, కొమ్ములకి రంగేశాడు, మెడలో మువ్వలు కట్టాడు. ట్రాక్టరు ట్రక్కులో అందరికంటే ముందుగా ఎక్కి కూర్చున్నది అత్తయ్యే. కూలితే చూసే ధైర్యం లేదు, చూడకుండా ఉండే ధైర్యమూ లేదు. మైదానంలో మా జత పేరు పిలిచారు. మామయ్య దొరని ఒక్కణ్ణే పలుపుతాడుతో నడిపించుకుంటూ బండ దగ్గరికొచ్చాడు. కాడి లేదు.

"రెండో ఎద్దు ఏదండీ? త్వరగా రావాలి, రైతు సోదరులు సహకరించాలి" అంటున్నాడు మైకాయన.

మామయ్య మైకు తీసుకున్నాడు. "వాడు లాగడు. ఇయ్యాళ్టితో మానేశాడు. మానేటప్పుడు జపానులో ఒక పద్ధతుంది. మా అల్లుడు చెప్తాడు" అని మైకు నా చేతిలో పెట్టేశాడు.

అంత జనం, అందులో నా విద్యార్థులు సగం. ఏం చెప్పానో నాకు తెలియదు. నా బోధనా జీవితంలో అంత నిశ్శబ్దంగా విన్న క్లాసు మాత్రం మళ్ళీ దొరకలేదు. ఎద్దుకి ముడి వేసేంత జుట్టున్న చోటు ఒక్కటే, తోక చివర. మామయ్య జేబులోంచి కత్తెర తీసి ముందుగా పొదిలాయన దగ్గరికి నడిచాడు.

"నా చేతనా బావా?"

"నువ్వుగాక ఎవుడు? వాణ్ణి కూలేసింది నీ జతేగదా."

పొదిలాయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని, దొర వీపు తట్టి, నాలుగు వెంట్రుకలు కత్తిరించాడు. ఆ తర్వాత ఒకరని చెప్పలేను. దొరని తోలినవాళ్ళు, కమిటీ పెద్దలు, మైకాయన, నేను. పశువుల డాక్టరు కత్తెర పట్టుకుని కాసేపు తటపటాయించాడు, ఆయన కూడా కత్తిరించాడు. మామయ్య తాడు అవతల నిలబడ్డ అత్తయ్య వైపు తిరిగి, "రావే. ఇక్కడ ఆ రూలేం లేదు" అన్నాడు. ఆవిడ వచ్చింది, కత్తెర చేతిలోకి తీసుకుని చూసుకుంది. "నా కత్తెరా ఇది? పొద్దుట్నుంచీ ఇల్లంతా ఎతుకుతున్నా." కళ్ళు తుడుచుకుని తనూ కత్తిరించింది. ఆఖరు కత్తిరింపు మామయ్యది. నాలుగు వెంట్రుకలకి నాలుగుసార్లు నొక్కాడు. కత్తెర మొద్దుబారిందని ఆయనే అన్నాడు.

ఆ సాయంత్రమే తెలిసింది మేం చేసిందేమిటో. కొట్టంలో దొర వీపు మీద ఈగ వాలింది. అలవాటు ప్రకారం తోక విసిరాడు. ఊరి ప్రేమంతా కలిసి ఆ తోకని ఉత్త తాడుముక్క చేసింది. ఈగ కదల్లేదు. వాడు వెనక్కి తిరిగి తన తోకని తనే చూసుకున్న చూపు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. మర్నాడు మామయ్య డాక్టరుని అడిగితే, "నాకప్పుడే అనిపించిందండీ" అన్నాడు.

"మరి చెప్పొద్దటయ్యా?"

"అంతమంది ఏడుస్తుంటే ఈగల గురించి ఎట్టా మాట్లాడనండీ?"

జపాన్ పద్ధతిలో ఈగల ప్రస్తావన లేదు. మనకి ముందున్నది ఎండాకాలం. వేపాకు పొగ వేశాం. అత్తయ్య జనపనారతో సవరం అల్లి తోకకి కట్టింది, పక్కన కట్టేసిన, జతలో చిన్న ఎద్దు దాన్ని రాత్రికి రాత్రే నమిలేశాడు. ఇక మిగిలింది తువ్వాలే. ఎండ దిగేదాకా మామయ్య పీటేసుకుని కూర్చుని విసిరేవాడు, కాలేజీ సెలవులిచ్చాక భోజనాలయిన తర్వాత వంతు నాది. జీవితమంతా దొర చేత బండలు లాగించిన మనిషి, ఆ వేసవంతా ఈగని వాలనివ్వకుండా వాడి సేవలో ఉన్నాడు. ఊళ్ళో నవ్వుకున్నారు. మామయ్య వినపడనట్టే ఉన్నాడు.

వానలు పడేసరికి తోక కుచ్చు మళ్ళీ పెరిగింది. ఒకరోజు మామయ్య దాన్ని వేళ్ళతో దువ్వుతూ, గొంతు తగ్గించి నాతో అన్నాడు: "చూశావంట్రా, ఎట్టా వచ్చిందో. ఒళ్ళు గూడా చేశాడు. వచ్చే తిరునాళ్ళకి ఒక్కసారి..."

"కత్తెర బల్ల మీదే ఉంది" అంది అత్తయ్య, దొడ్లోంచి.

ఆ మాట మళ్ళీ రాలేదు. దొర కాడి మొయ్యకుండానే కొన్నేళ్ళు మేసి, పడుకుని, ఒక చలికాలం పోయాడు. నేను ఉద్యోగం మారి మంగళగిరి వచ్చేశాను. సుమో ఇప్పటికీ చూస్తాను, పెద్ద తెర మీద, ఏసీ గదిలో. కానీ అభిమానం అనగానే నాకు గుర్తొచ్చేది ఆ కొట్టంలో ముక్కాలిపీట మీద కూర్చున్న బక్కపల్చటి కుర్రాడు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో తువ్వాలు. బరిలో ఇద్దరూ ఢీకొనే ఆ రెప్పపాటులోనే ఎప్పుడూ ఈగ వాలేది, దాన్ని తోలడానికి ఆ కుర్రాడు తల తిప్పేవాడు, మళ్ళీ చూసేసరికి ఇద్దరూ దణ్ణాలు పెట్టుకుంటూ ఉండేవారు. ఆ మే నెల పోటీల్లో ఎవరు గెలిచారంటే నేనిప్పటికీ చెప్పలేను. ప్రతి కుస్తీ చూశానని మాత్రం ప్రమాణం చేస్తాను.