సైరన్ లేని మోత

"విమానం నెత్తిమీదుగా పోతే పాప దడుచుకోదూ?" దగ్గర్లో విమానాశ్రయం కడతారని, గోదావరిఖని మీదుగా విమానాలు తిరుగుతాయని విన్నప్పటినుంచి ప్రసూనకు ఇదే దిగులు. ఇల్లు మారిపోదామని భర్తను పోరుతోంది. ఆమె బడికి వెళ్తూ పది నెలల పాపను అప్పజెప్పేది పక్క క్వార్టర్ లస్మవ్వకు. రూపాయంత బొట్టు, కొంగున పుట్నాల మూట, చంకలో ఎప్పుడూ ఎవరో ఒకరి బిడ్డ. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగుకు ముందు సైరన్ మోగితే చాలు, లస్మవ్వ పిల్లలందరినీ దగ్గరికి లాక్కుని చప్పట్లు మొదలుపెడుతుంది. నేల అదిరేసరికి పిల్లలు కిలకిలమంటారు.

తెలంగాణ రాష్ట్రం వచ్చే ముందటి వేసవిలో విమానాశ్రయం ఇంజనీర్లు కళ్ళకు కట్టుకునే పెట్టె ఒకటి కమ్యూనిటీ హాలుకు తెచ్చారు. కట్టుకుంటే మన వాడకట్టే కనిపిస్తుంది, పైన విమానం పోతే ఎంత మోతో చెవులకు వినిపిస్తుంది. అందరూ జంకుతుంటే లస్మవ్వ వెళ్ళి కూర్చుంది. మోత పెరగగానే దిగ్గున లేచి, రెండు చేతులూ చాపి, అక్కడ లేని పిల్లలను పొదువుకుంటూ, "మోత అచ్చె! అచ్చె! కొట్టుండ్రి చప్పట్లు!" అని కేక పెట్టింది. హాలంతా నవ్వులు, ఈలలు. ప్రసూన చంకలోని పాప కూడా చప్పట్లు కొట్టింది!

పెట్టె తీసి లస్మవ్వ ఇంజనీరును నిలదీసింది. "సైరన్ ఏది సారూ? ముందుగాల చెప్పకుంట వస్తే ఎట్ల?"

విమానం వేళలు ముందే చెప్తామని ఆయన ఒప్పుకున్నాడు.

ఇల్లు మారే మాట ప్రసూన మళ్ళీ ఎత్తలేదు. సైరన్ మోగినప్పుడల్లా, ఆ రోజు హాలు మెట్లు దిగుతూ లస్మవ్వ చెప్పినట్టే చేస్తోంది: "పిల్ల మోత దిక్కు చూడది బిడ్డా, నీ మొకం దిక్కు చూస్తది. ముందుగాల నువ్వు నవ్వు."