షరీఫా బీ గుమ్మానికి గోనె పరదా

పత్తి బేళ్ల గోనె విప్పి, రెండు పట్టాలు కలిపి కుట్టి, పైన వెదురు దూర్చి కట్టిన పరదా అది. ఆదోనిలో మా పెరటి కిటికీ తెరిస్తే ఎదురు సందులో షరీఫా బీ ఇల్లు. పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య ఇంటికి నేను కోడలిగా వచ్చిన కొత్తలో, డెబ్బై నాలుగులో, ఆ పరదాను చూసి ఇదేం అలంకారమని నవ్వుకునేదాన్ని. అది ఎన్ని ప్రాణాలు కాస్తోందో నాకు తెలియడానికి ఎన్నాళ్లో పట్టలేదు.

ఆ సందులో ఒక కట్టుబాటు ఉండేది. ఘోషా పాటించే ఇంటి ముందుకు పరాయి మగవాడు వస్తే పరదాకు ఇవతలే నిలబడి దగ్గాలి. ఇంట్లో మగవాళ్లు లేకపోతే లోపలినుంచి ఎవరో ఒకామె "లోపల ఆడోళ్లుండారు" అంటుంది. వచ్చినవాడు ఎంత మొనగాడైనా, ఎంత తాగినా, వెనక్కి తిరగాల్సిందే. పరదా ఎత్తిన చెయ్యి విరగ్గొట్టకుండా సందులో వాళ్లు వదలరని అందరి నమ్మకం.

షరీఫా బీ భర్త గఫూర్ సాబ్ ఇల్లిల్లూ తిరిగి దూదేకేవాడు, పరుపులు కుట్టేవాడు. ఆమె పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. అన్ని కులాల ఆడవాళ్లూ చీరల మూటతో ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లు. మూట విప్పగానే ఒక్కో చీరకు నెత్తురు మరక కనిపించేది. ఆమె ఏమీ అడిగేది కాదు. మంచినీళ్లిచ్చి, చేతికి సూది ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకునేది. చెవి తమ్మె తెగి కమ్మ చేతిలో పట్టుకుని వచ్చినామె, అట్లకాడ వాతలతో వచ్చినామె, పక్కటెముక విరిగి వంగి నడిచినామె, అందరూ ఆ చాప మీదే కూర్చున్నారు. మొగుళ్లు సందులో నిలబడి వినరాని బూతులు తిట్టేవాళ్లు. లోపలినుంచి షరీఫా బీ ఆ ఒక్క మాటే అనేది. ముప్పై ఏళ్లుగా ఆ సందులో కాపురమున్న ఆమె ముఖం ఏ పరాయి మగవాడూ చూసి ఎరగడు, గొంతు మాత్రం అందరికీ తెలుసు.

భీమమ్మ డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఎమ్మిగనూరు బస్సు దిగి వచ్చింది. ఆమె పుట్టిల్లు మా వీధి చివరే. తల్లి లేదు, ఉన్న అన్న రెండుసార్లు ఆమెను తిప్పి పంపాడు. ఈసారి పుట్టింటి వైపు చూడకుండా నేరుగా పరదా ఎత్తుకుని లోపలికి వెళ్లింది. దవడ పక్కకు వాచి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. వీపు మీద చింతబరికె చారలు రవికె బట్టను చీల్చుకుని కనబడుతున్నాయి. ఎవరు ఏమడిగినా నోరు తెరవలేదు.

సంగతి ఆమె వెనకాలే వచ్చింది. మొగుడు మాదన్నకు సొంత మగ్గం ఉంది. నాలుగు నెలలుగా పెళ్లాం మాట్లాడటం లేదని, దయ్యం పట్టిందని ఊరంతా చెప్పుకున్నాడు. దయ్యాన్ని వదిలిస్తానన్న ఒకడి చేత బరికెతో కొట్టించాడు. దయ్యం పోలేదు, చర్మం పోయింది. అప్పుడు కులపెద్దలు ఒక తీర్పు చెప్పారు. ఆదోని పెద్దాసుపత్రి డాక్టరు పిచ్చిదంటే ఆమెను పిచ్చాసుపత్రిలో వేసి మాదన్న ఇంకో పెళ్లి చేసుకోవచ్చట. డాక్టరేమో ఆమె ఎదురుగా కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసి, జవాబు రాకపోతే పిచ్చే అయి ఉండాలన్నాడు. వచ్చే వారం మళ్లీ తీసుకురమ్మన్నాడు. ఆ వారం లోపలే ఆమె పారిపోయి వచ్చింది. నోరు విప్పితే బతుకుతుంది, లేకపోతే పిచ్చాసుపత్రి గొలుసే. ఆ ఆసుపత్రి డాక్టర్లంతా మగవాళ్లు. ఎవరూ ఆ పరదా దాటి రాలేరు.

ఆ డాక్టరు దగ్గర కొత్తగా చేరిన కృష్ణకుమారి అనే అమ్మాయి మాత్రం నేను వెళ్లి చూస్తానని బయలుదేరింది. గుంటూరు వైపు పిల్ల, సైకాలజీ అనే మనసు చదువు చదివింది. చేతిలో ప్రశ్నల కాగితాలు. చాప మీద కూర్చుని చదివింది. "ఏ కారణమూ లేకుండా భయం వేస్తుందా?" భీమమ్మ పలకలేదు. షరీఫా బీ పలికింది. "కారణం లేకుండా ఎవురు భయపడతారు తల్లీ? ఈడికొచ్చినోళ్లకంతా కారణాలు ఇండ్లల్లోనే ఉండాయి."

ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. కాగితాలు చూసుకుని, ఇవి మన ఆడవాళ్లను చూడనివాళ్లు ఎక్కడో కూర్చుని రాసినవని తనే అంది. వాటిని చాప కింద పెట్టి తనకూ ఒక సూది ఇమ్మంది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ఏమీ అడగకుండా కుట్టింది. కుట్టు వంకరపోయేది, వేళ్లకు గుచ్చుకునేది. ఒక మధ్యాహ్నం ఆమె వేలినుంచి నెత్తురు బొట్టు బొంత మీద పడింది. భీమమ్మ దాన్ని చూసింది.

"ఈయమ్మకు కుట్టనీకి రాదు" అంది.

నాలుగు నెలల తర్వాత ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. పరదా లోపలి సంగతులు తర్వాత షరీఫా బీ చెబితే తెలిశాయి, ఆ మాట మాత్రం కిటికీ దగ్గరున్న నేనే విన్నాను. తర్వాతి మాటలు ఎవరూ అడక్కుండానే వచ్చాయి.

"నా కడుపు మీద తన్ని బిడ్డను సంపినాడు. నెత్తురు కారతాంటే మగ్గం గుంతలో కూసోబెట్టి, సీర నేసి దించేదాకా లేవొద్దన్నాడు. నేసినాను. అప్పుడు అరిసినా ఎవురూ రాలేదు. ఇంగ మాట్లాడి ఏం లాభమని మానుకున్నా."

కృష్ణకుమారి ఏడ్చింది. షరీఫా బీ ఏడవలేదు, భీమమ్మ తల ఒళ్లో పెట్టుకుని జుట్టు నిమురుతూ కూర్చుంది. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరు ముందు ఈ మాటలే చెప్పించాలని ముగ్గురూ అనుకున్నారు.

మాదన్న ఆ మర్నాటి దాకా ఆగలేదు. పట్టపగలు, చుక్క తాగకుండా, చేతిలో కొడవలితో వచ్చాడు. పరదా ముందు నిలబడి దగ్గలేదు. లోపల ఆసుపత్రి హిందూ అమ్మాయి కూర్చుని ఉంది కాబట్టి ఇది ఘోషా ఇల్లు కాదు, తనకు అడ్డు లేదు అని సందులో అందరికీ వినబడేలా చెప్పాడు. అక్కడ ఏం జరగాలి? పది మంది మగవాళ్లు వాణ్ణి పట్టుకోవాలి. పట్టుకోలేదు. వాడన్నది సబబేనా కాదా అని తర్కం మొదలుపెట్టారు. పరాయి మతం ఆడమనిషి ఉంటే పరదాకు పట్టింపు ఉంటుందా అని ఒకడు, ఉంటుందని ఇంకొకడు. ఇన్నేళ్లూ ఆ చాప మీద కూర్చున్నది అన్ని కులాల ఆడవాళ్లని ఒక్కడికీ గుర్తు రాలేదు. మా మామగారు ఇంద్రసేనయ్య కూడా వాళ్లలో ఉండి, పెద్దమనిషిలా గడ్డం నిమురుకుంటున్నాడు. వాళ్ల న్యాయశాస్త్రం మండిపోను. వాళ్లు అది తేల్చేలోపు కొడవలి పరదాను నిలువునా చీల్చింది.

అడ్డం వచ్చిన కృష్ణకుమారి ముంజేయి తెగింది. భీమమ్మను జుట్టు పట్టుకుని గడప మీదుగా ఈడ్చుకొచ్చి సందులో పడేశాడు. నోట్లో కాలు పెట్టి తొక్కుతూ, ఇప్పుడు మాట్లాడవే అన్నాడు. పళ్లు విరిగిన చప్పుడు నా కిటికీకి వినబడింది. నేను అరిచాను, సందులో ఒక్కడూ కదల్లేదు.

షరీఫా బీ బయటికి వచ్చింది. బురఖా లేదు, నెత్తిన కొంగు లేదు. దూదేకే విల్లు మీద గఫూర్ సాబ్ కొట్టే బరువైన కొయ్య గుండు ఆమె చేతిలో ఉంది. కొడవలి ఎత్తిన మణికట్టు మీద మొదటి దెబ్బ కొట్టింది. ఎముక విరిగింది. వాడు కొడవలిని ఎడమ చేతికి మార్చుకుని ఆమె ముఖం మీద వేశాడు. కణతనుంచి గడ్డం దాకా తెరుచుకుంది. ఆమె ఆగలేదు. మోకాలి మీద కొట్టింది, వాడు కూలబడితే భుజం మీద కొట్టింది, కొడవలి జారిపోయాక కూడా కొట్టింది. నెత్తురు కళ్లలోకి కారి కనబడకపోయినా కొట్టింది. కిటికీ దగ్గర నేను, ఇంకా కొట్టు అనుకుంటూనే ఉన్నాను. అలా అనుకున్నందుకు నాకు సిగ్గు లేదు.

అప్పుడు కదిలారు మగవాళ్లు. వాణ్ణి పట్టుకోవడానికి కాదు, ఆమె ముఖం మీద తువ్వాలు కప్పడానికి. ఆ తువ్వాలుతో ఆమె భీమమ్మ నోరు తుడిచింది.

కృష్ణకుమారి కట్టుకట్టిన చేతితోనే కోర్టులో సాక్ష్యం చెప్పింది. ఈమెకు పిచ్చి లేదు, ఈమె మౌనం దెబ్బ తిన్న మనిషి మౌనమని చెప్పింది. భీమమ్మ విరిగిన పళ్లతో తనే తన మాట చెప్పుకుంది. మాదన్నకు జైలు పడింది. గఫూర్ సాబ్‌ను మాత్రం వాళ్ల పెద్దలు పిలిచి, ఊరంతా చూసిన ముఖాన్ని ఇంట్లో పెట్టుకుంటావా అని అడిగారు. ఆయన మాటకారి కాదు. "ఆ ముఖం నేను రోజూ చూస్తాండా. దాంట్లో నాకేం తప్పు కనపడలేదు" అని లేచి వచ్చేశాడు. దాంతో ఆ ఇంటికి పిలుపులు ఆగిపోయాయి, కూతురు వహీదాకు సంబంధాలు రావడం ఆగిపోయింది. షరీఫా బీ పిల్ల కోసం చాలా ఏడ్చింది. కృష్ణకుమారి వచ్చి, పెళ్లి రాకపోతే చదువు రానివ్వండి అంది. వహీదా తిరుపతిలో మనసు చదువే చదివి, కృష్ణకుమారి పక్కనే ఉద్యోగంలో చేరింది. ఆ ఆసుపత్రిలో ఉర్దూలో ఏడ్చిన ఆడదాన్ని ఉర్దూలోనే ఓదార్చిన మొదటి మనిషి ఆ పిల్లే. చింపిరి పరికిణీతో మా పెరట్లో ఆడుకున్న పిల్ల అని నేను అందరికీ చెప్పుకుంటాను.

పరదాను మళ్లీ కుట్టలేదు. షరీఫా బీ ఆ ఖాళీ గుమ్మంలో, గడప మీద, ముఖం మీది మచ్చతో, కొయ్య గుండు పక్కన పెట్టుకుని కూర్చునేది. ఆడవాళ్లు రావడం మానలేదు. భీమమ్మ ఆ ఇంట్లోనే ఉండి బొంతలు కుట్టేది. మాట మాత్రం అవసరానికి మించి ఆడేది కాదు.

ఎనభై నాలుగులో ఒక పొద్దున ఎమ్మిగనూరు బస్సు దిగి ముత్తమ్మ అనే చిన్నపిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. పద్దెనిమిదేళ్లు కూడా నిండినట్టు లేవు. నుదురు చిట్లి నెత్తురు మెడ దాకా కారింది. ఎవరమ్మా అంటే మాదన్న పెళ్లామని చెప్పింది. జైలునుంచి వచ్చాక వాడు చేసుకున్న రెండో పెళ్లి. షరీఫా బీ ఆమెను లోపలికి పంపి, గుండు చేతిలోకి తీసుకుంది.

కాసేపటికి మాదన్న వచ్చాడు. కుడి మణికట్టు ఇంకా వంకరగానే ఉంది. పరదా లేని గుమ్మం ముందు ఆగాడు. షరీఫా బీ ముఖం చూసి తల దించుకున్నాడు. గుడ్డ అడ్డం లేకపోయినా, చీల్చడానికి ఏమీ లేకపోయినా, వాడు దగ్గాడు.

షరీఫా బీ లేవబోయింది. లోపలినుంచి భీమమ్మ వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. గుమ్మంలో నిలబడి వాడి కళ్లలోకి చూసింది.

"లోపల ఆడోళ్లుండారు" అంది.

సందు చివరి వరకు వినబడేంత గట్టిగా అంది. మాదన్న వెనక్కి తిరిగి బస్టాండు వైపు వెళ్లిపోయాడు. భీమమ్మ లోపలికి వెళ్లి ముత్తమ్మ నుదురు కడిగి, చేతికి సూది ఇచ్చి, పక్కన కూర్చుంది.