మగ్గాల గదిలో సర్వర్

ఎమ్మిగనూరులో మా ఇంటి వెనక మగ్గాల గది ఉంది. రెండో మగ్గం తీసేశాక అందులో ఒక మూల ఖాళీ అయింది. నేను ఆదోనిలో కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పాఠంలో చెప్పేదాన్ని నా చేత్తో కట్టి చూసుకోవాలని ఎప్పటినుంచో కోరిక. ఎవరో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత సర్వర్ ఆదోనిలో దొరికితే, బస్సులో పక్కసీటు మీద పెట్టుకుని తెచ్చాను.

స్విచ్చి వేయగానే దాని ఫ్యాన్లు హోరెత్తాయి. నాయన నేసేది ఆపి తల తిప్పాడు.

"ఏమ్మా ఇది, మగ్గం కంటే ఎక్కువ సప్పుడు జేస్తాంది?"

"కొంచేపుంటే తగ్గుతాది నాయనా. దీంట్లో నాలుగు కంప్యూటర్లు పెడతాండాను."

"ఈ డబ్బాలో నాలుగు యాడ పడతాయి?"

నిజానికి యంత్రం ఒక్కటే. వర్చువలైజేషన్‌తో దాని శక్తిని పంచితే, దేనికది వేరే కంప్యూటర్‌లా నడుస్తుంది. ఒకటి చెడిపోయినా పక్కది తన పని తాను చేసుకుపోతుంది. అలా ఒకటి నా పాఠాలకు, ఒకటి ప్రయోగాలకు, ఒకటి నాయన నేసిన చీరల ఫొటోలకు పెట్టాను. నాలుగోది ఆ ఫొటోల నకళ్లు దాచడానికి. నూలు నూగు ఫ్యాన్లలో చేరకుండా వారం వారం బ్రష్షుతో దులిపేదాన్ని.

మంత్రాలయంలో అన్నకు చీరల దుకాణం ఉంది. అన్న అక్కడినుంచే ఫొటోలు చూసేలా, కొత్తవి పెట్టేలా మొదట ఇంటర్నెట్ నుంచి నేరుగా దారి తెరిచాను. మర్నాడు చూస్తే ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్లు పాస్‌వర్డులు మార్చి మార్చి కొట్టి చూస్తున్నారు. వెంటనే ఆ దారి మూసేసి, అన్న కంప్యూటర్ ఒక్కటే రాగలిగే రహస్య దారి పెట్టాను. నకళ్ల కంప్యూటర్‌కు మాత్రం అన్నకూ దారి ఇవ్వలేదు.

ఒక ఆదివారం పొద్దున అన్న ఫోన్ చేశాడు.

"పాపా, చీరల బొమ్మలు ఒక్కటీ తెరుచుకోలే. ఏందో ఇంగ్లీషులో బెదిరిస్తాంది."

"ఏమన్నా నొక్కినావా అన్నా?"

"ఎవరో ఆర్డరని మెయిల్ పంపినారు. దాంట్లో ఉండేది తెరిసినా, అంతే."

"సరే, నెట్టు వైరు పీకెయ్. ఇంక దేన్నీ ముట్టుకోవద్దు."

ఇటునుంచి కూడా దుకాణం దారి తెంచి, ఫొటోల కంప్యూటర్ తెరిచాను. ప్రతి ఫొటో పేరూ అర్థం లేని అక్షరాలుగా మారిపోయి ఉంది. దుకాణంలో పడిన వైరస్ ఆ దారి వెంబడే మా ఇంటిదాకా వచ్చింది. నాయన జీవితమంతా నేసిన అంచులవి. నకళ్ల కంప్యూటర్ తెరిస్తే అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. నేను కట్టింది నిలబడిందని నాకు అప్పుడు తెలిసింది. పాడైన కంప్యూటర్‌ను మొత్తంగా తీసేసి, దాని చోట కొత్తది పెట్టి, నకళ్లు అందులోకి తెచ్చాను. భోజనాల వేళకు నాయనకు ఫొటోలు చూపించాను. ఆయన ఒక్కొక్కటే నిదానంగా చూసి, "అన్నీ ఉండాయిలే" అన్నాడు.

సాయంత్రం మంత్రాలయం వెళ్లి, దుకాణం కంప్యూటర్‌ను మొత్తం తుడిచి, అన్నీ కొత్తగా ఎక్కించాను. అన్న తలొంచుకుని పక్కనే కూర్చున్నాడు.

"నా వల్లనే గదా పాపా ఇదంతా."

"ఎవరైనా తెరుస్తారన్నా. ఇంకమీద నువ్వు బొమ్మలు సూడొచ్చు, మార్చేకి లేదు."

"మరి కొత్తవి పెట్టాలంటే?"

"నాకు పంపు, నేను పెడతా."

కొంచెం ముఖం ముడుచుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. అంతలో మఠం నుంచి వచ్చిన యాత్రికులు లోపలికి వస్తే, లేచి వాళ్లకు ఫొటోలు చూపించడం మొదలుపెట్టాడు.

తిరుగు బస్సులో నాకొక లోటు తట్టింది. ఫొటోలూ, నకళ్లూ అన్నీ ఒకే యంత్రంలో ఉన్నాయి. అది కాలిపోతే అన్నీ పోతాయి. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఒక డిస్కులోకి ఇంకో నకలు తీసి, సోమవారం ఆదోని తీసుకెళ్లి కాలేజీలో నా బీరువాలో పెడుతున్నాను.