వాలుగ దవడ కోసం ఉప్పునీటికి

మాది నరసన్నపేటలో బట్టల కొట్టు. ఇంట్లో నీచు ముట్టం. నా చదువు పదో తరగతితో ఆగినా, శాఖా గ్రంథాలయంలో నేను తిరగెయ్యని బీరువా లేదు. నన్ను చూడగానే అక్కడి అటెండరు ఫ్యాను వేసేవాడు.

2014 ప్రాంతంలో, విశాఖపట్నంలో ఫ్యాషన్ షోలకు బట్టలు తయారుచేయించే ఒకావిడ మా కొట్టుకొచ్చారు. ఆరు చీరలకు సరిపడా పొందూరు సన్న ఖద్దరు కావాలన్నారు. రంగు వద్దు, మిల్లు నూలు వద్దు. "ప్రకృతికి దగ్గరగా ఉండాలండీ" అన్నారు.

పొందూరులో మాకు నూలు వడికి ఇచ్చే పెద్దావిడ ఉండేది. అప్పా అని పిలిచేవాణ్ణి. అంత సన్నటి నూలు తీసే చేతులు ఆ వీధిలో ఆమెవే మిగిలాయి. ఆర్డరు సంగతి చెబితే, ఒక ఎండిన వాలుగ చేప దవడ నా ముందు పెట్టింది.

"సూడు, పళ్ళన్నీ అరిగిపోనాయి. దీంతో ఏటి దువ్వుతాను?"

కొండపత్తిని గింజతో ఉండగానే ఆ దవడతో దువ్వాలి. సూదుల్లాంటి పళ్ళు చెత్తను లాగేసి పోగులను వరస చేస్తాయి. దవడలు తెచ్చి అమ్మే మనిషి రెండేళ్ళుగా రావడం లేదట.

"ఇనప దువ్వెన వాడొచ్చుగా అప్పా?"

"వాడి సూసినాను సావుకారూ. పోగు తెంపేస్తాది. దవడ దొరక్కపోతే ఇంక ముతక నూలే. సన్నం మానీడమే."

ఆ మాట ఆమె ఎంత కష్టపడి అందో నాకు తెలుసు. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా తను తీసిన పోగును వాళ్ళ ముంజేతి మీద వేసి, తగిలిందా అని అడిగేది. తగల్లేదంటే మురిసిపోయేది.

నేను తెస్తానని మాటిచ్చాను. గ్రంథాలయంలో చేపల పుస్తకం తీసి వాలుగ బొమ్మ కాగితం మీద దించుకున్నాను. నోరు, పళ్ళ వరుసలు, అన్నీ చదివాను. చేపంటే సముద్రమే అని మనసులో ముందే స్థిరపడిపోవడంతో, అది ఎక్కడ బతుకుతుందో రాసిన పేరా మీద నా కన్ను ఆగలేదు. మర్నాడే బస్సెక్కి సముద్రపొడ్డునున్న భావనపాడు వెళ్ళాను.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒకామె నా బొమ్మ చూసి పక్కామెను కేకేసింది.

"ఒసే, ఇలగ్రాయే! సావుకారి బాబు వాలుగ కోసం సముద్రానికొచ్చినాడు!"

"కొబ్బరికాయకి తాటిసెట్టెక్కినట్టున్నాది" అంది రెండోది.

"పుస్తకంలో చూశానమ్మా" అన్నాను.

"ఆ పుస్తకంలో ఉప్పేసినారేటి? వాలుగ మంచినీటి సేప. ఏటికెల్లు బాబూ."

వంశధార ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన్ని అడిగాను. "పెద్ద వాలుగకి లోతు మడుగు కావాల. ఏసంగి వచ్చీసరికి మడుగులే ఉండట్లేదు. ఉన్నా, అది ఎదిగేదాకా వల ఊరుకుంటాదేటి? నా వలే ఊరుకోదు" అన్నాడు. వారం తర్వాత కబురు పెట్టి ఆయన ఇచ్చిన దవడ నా అరచేతిలో సగం లేదు.

జీవవైవిధ్యం అనే మాట అంతకుముందు చాలాచోట్ల చదివాను. చదివినప్పుడల్లా అడవీ, పులీ గుర్తొచ్చేవి. మా కొట్టులోని బీరువా గుర్తురాలేదు. ఒక చీరకు పత్తిచేను ఉంటే చాలదని పొందూరు బస్సులో కూర్చున్నప్పుడు తట్టింది. ఆ పొట్టి పింజ పత్తిని వదలకుండా వేసే రైతుండాలి. దువ్విన పత్తి ఏకులు చెదరకుండా పట్టుకోవడానికి అరటి డొప్ప ఉండాలి. ఒక చేప పెద్దదయ్యేదాకా ఏట్లో నీళ్ళు నిలవాలి.

ఆ పిల్లచేప దవడతోనే అప్ప రెండు నెలలు కూర్చుంది. ఎంత దువ్వినా పత్తిలో చెత్త కొంత మిగిలేది. చివరికి రెండు చీరలకే నూలు వచ్చింది. నేసి తెచ్చిన బట్టను వేళ్ళ మధ్య నలిపి, "గరుకున్నాది. ఆయమ్మకి సెప్పు. సెప్పకండా ఇవ్వకు" అంది.

ఫోను చేసి చెప్పాను. "పరవాలేదండీ, స్టేజి మీద ఎవరికీ తెలియదు. ఇలాంటివే ఇంకో నాలుగు చేయించండి" అన్నారావిడ.

ఆ మాట ఉన్నదున్నట్టు అప్పకు చెప్పాను.

"తెలీనోళ్ళకి ముతకది సాల్దేటి? అదే ఇత్తానని సెప్పు. సన్నం నూలని మాత్రం పేరెట్టి అమ్మకు."

ఆ తర్వాత ఆమె దగ్గర ముతక నూలే తీసుకున్నాను.