పై క్లాసుకి రమ్మంటే

చోడవరం, అనకాపల్లి మధ్య ఆటో నడిపే శ్యామ్ సుందర్ కూతురు డెబోరాకి లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే. విశాఖలో ఆనర్స్ చివరి ఏడాదికి వచ్చేసరికి ఆమె ఒక పేపరు ఎంచుకోవలసి వచ్చింది. సంఖ్యలకీ లిమిట్లకీ పునాది అయిన రియల్ అనాలిసిస్‌ని మొదటినుంచి మళ్ళీ చెప్పే డిగ్రీ పేపరు తీసుకోవచ్చు, లేదా ఎమ్మెస్సీ వాళ్ళతో కూర్చుని టోపాలజీ చదవచ్చు.

"నీకు డిగ్రీ పేపరెందుకమ్మా? ఓసారి పై క్లాసుకి వచ్చి చూడు," అన్నారు టోపాలజీ చెప్పే ప్రొఫెసర్ వేంకటరమణమూర్తి.

వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. ఆయన సున్నాకీ ఒకటికీ మధ్యనున్న దశాంశాలను బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశారు. "అన్నిటినీ ఇలా వరస పెట్టేశామనుకుందాం. వరసకి అంతు లేకపోయినా సరే," అన్నారు. మొదటి సంఖ్యలో మొదటి అంకె మార్చారు. రెండోదాంట్లో రెండోది, మూడోదాంట్లో మూడోది. మార్చిన అంకెలతో కొత్త సంఖ్య కట్టారు. వరసలోని ప్రతి సంఖ్యతోనూ దానికి ఎక్కడో ఒకచోట తేడా ఉంది. అంటే, అంతులేని ఆ వరసలో కూడా అది లేదు! ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుపోయే అనంతం కన్నా ఈ దశాంశాల అనంతం పెద్దది; అనంతాల్లోనూ చిన్నా పెద్దా ఉన్నాయన్నమాట. డెబోరాకి ఒళ్ళు జలదరించింది.

"ఒక చిక్కుంది," అంటూ ఆయన ఆమెవైపు తిరిగారు. "అంకెలు వేరైతే సంఖ్యలు వేరేనా? సున్నా పాయింట్ అయిదూ, సున్నా పాయింట్ నాలుగు తర్వాత అంతులేని తొమ్మిదులూ, ఒకటేనా?"

"ఒకటే సార్."

"ఎందుకని?"

లిమిట్ నిర్వచనం పొల్లుపోకుండా అప్పజెప్పింది. "అది సరే, ఎందుకని?" అని మళ్ళీ అడిగారు. తను బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న ఆ ఒక్క వాక్యం కింద ఇంత లోతుందా అని అబ్బురపడుతూ ఉండిపోయింది.

డెబోరా డిగ్రీ పేపరే తీసుకుంది.

"పై క్లాసుకి రమ్మంటంటే కిందకెల్తానంటావేటే? ఏటైందే నీకు?" అన్నాడు శ్యామ్ సుందర్.

"అక్కడ సూసింది సానా పెద్దది నాన్నా. మొదట్నించి తెలుసుకుని ఎల్తాను."

జూనియర్ల పక్కన కూర్చుని, తెలుసనుకున్న ప్రతి మాటనీ మళ్ళీ నేర్చుకుంది. మరుసటి ఏడాది ఎమ్మెస్సీలో చేరి టోపాలజీ క్లాసుకి వెళ్ళింది. ఆయన అదే రుజువు చెప్పి, చిక్కు దగ్గర ఆగి, చాక్‌పీసు ఆమె చేతికిచ్చారు. సున్నా పాయింట్ అయిదూ, ఆ తొమ్మిదుల సంఖ్యా ఒకటే ఎలా అవుతాయో చూపించి, కొత్త సంఖ్యలో తొమ్మిదులూ సున్నాలూ వాడకపోతే చిక్కే ఉండదని రాసింది డెబోరా.

ఆ ఆదివారం చర్చి నుంచి ఆటోలో వస్తూ అదంతా తండ్రికి చెప్పింది.

"అలా మిగిలిపోయినవన్నీ దేవుడికి తెలుసంటావా?" అన్నాడతను.

"అది నాకు తెల్దు నాన్నా. ఎన్ని రాసినా ఇంకా మిగుల్తాయని మాత్రం సూపించగలను."

శ్యామ్ సుందర్ ఆటోని చెరకు తోట పక్కన ఆపి, వెనక్కి తిరిగాడు.

"మెల్లిగా, మళ్ళీ మొదట్నించి సెప్పు."