సూర్యారావుగారి ఎడమచేతి గిటారు

పనస చెక్కని కోసేటప్పుడు ఒక వాసన వస్తుంది. పండు వాసన కాదు. పండు వాసన టముకు వేసుకుంటూ ఊరంతా తిరుగుతుంది. చెక్క వాసన మెల్లగా వచ్చి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడుతుంది. మొన్న కాలవగట్టు రోడ్డు మీద పోతుంటే ఒక కోత మిల్లులోంచి ఆ వాసన వచ్చింది. గుమ్మం ముందు పసుపు దంచి పోసినట్టు రంపపు పొట్టు గుట్ట. నా స్కూటరు నడిరోడ్డు మీద దానంతటదే ఆగిపోయింది. బ్రేకు నేనే వేశానని వెనక వస్తున్న లారీ డ్రైవరు వాదించాడు; ఆ వాదనలో మా వంశం ఏడు తరాల దాకా ప్రస్తావనకి వచ్చింది. నేను ఆ పొట్టు గుట్ట వైపే చూస్తూ నిలబడ్డాను. చివరికి అతనికే అనుమానం వచ్చి, "ఒంట్లో బాగానే ఉందా అండి?" అని అడిగి, తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. ఒంట్లో బాగానే ఉంది. సూర్యారావుగారు గుర్తొచ్చారు, అంతే.

మీరు ఆయన్ని ఎరగరు. కడియం దగ్గర ఆయనకి ఒక నర్సరీ ఉండేది. చుట్టూ ఉన్న నర్సరీల పక్కన పెడితే జేబురుమాలంత. అయినా అందులోంచి మొక్కలు లారీలెక్కి దేశమంతా తిరిగాయి. నేను మాత్రం ఆ ఆఫీసు గదిలో కుర్చీ దిగకుండా నా వయసులో సగం గడిపేశాను. లెక్కలు రాసేవాణ్ణి, బిల్లులు రాసేవాణ్ణి, మొక్కలకి కట్టే చీటీలు రాసేవాణ్ణి. నా ప్రతిభంతా చీటీల్లోనే ఉండేది. నేను రాశానంటే మామిడి అంటు లారీ దిగకముందే కాపుకి రావలసిందే. ఒకసారి ఒక కొబ్బరి మొక్కకి 'కల్పవృక్షానికి స్వయానా మేనకోడలు' అని రాసి కట్టాను. అది చదివి సూర్యారావుగారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నారు.

"ఏవయ్యా రైటరూ, నువ్వు రాసినన్ని కాయలు కాస్తే చెట్టుకి ఊతంగా సిమెంటు స్తంభాలు పోయించాలి. అవి కూడా మనమే సప్లయి చేస్తామా?"

"పొగిడితే మొక్క హుషారుగా పెరుగుద్దండి."

"మొక్కకి చదువు రాదయ్యా. కొన్నవాడికొచ్చు. చీటీ పట్టుకుని తిరిగొస్తాడు."

పొట్టి మనిషి. గోళ్లలో ఉన్న మట్టితో ఒక తులసి మొక్క నాటుకోవచ్చు. ఆయనకి ఒక్కతే కూతురు, రమ్య. రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో గిటారు నేర్చుకుంది. సాయంత్రాలు ప్యాకింగు షెడ్డులో గోనెసంచుల మీద కూర్చుని వాయించేది. అప్పుడు నర్సరీలో పని ఎంత చక్కగా కుంటుపడేదంటే, కుండీలు మోసేవాళ్లు కుండీలు దించకుండానే నిలబడి వినేవారు. సూర్యారావుగారు వాళ్లని కేకలేయడానికి వచ్చి, తానూ ఒక కుండీ ఎత్తుకుని నిలబడేవారు.

ఇక్కడి నుంచి కొంత దూరం నేను పెంచి చెప్పలేను. మట్టీ కొబ్బరిపొట్టూ కలిపే మిషను ఒకటి ఉండేది. ఆ పొద్దున బెల్టు మాటిమాటికీ ఇరుక్కుంటోందని సూర్యారావుగారు దాని మీది రేకు మూత విప్పి పక్కన పెట్టారు. బాగుచేసి బిగిద్దామనుకున్నారు. ఇంతలో లోడింగుకి లారీ వచ్చింది, మరిచిపోయారు. రమ్య సంచి అందివ్వబోయి ఎడమచెయ్యి ఆ బెల్టు మీద ఆనించింది. మధ్యవేలూ ఉంగరపువేలూ సగానికి పోయాయి. గిటారు వాయించేవాళ్లు కుడిచేత్తో తీగలు మీటుతారు. ఎడమచేతి వేళ్లతో వాటిని నొక్కి పడతారు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే ఆ పిల్ల తన గిటారు ఎవరికో ఇచ్చేసింది.

తండ్రిని ఒక్క మాట అనలేదు. అన్నం వడ్డించేది, మందులు గుర్తు చేసేది, ఎడమచెయ్యి చున్నీ కింద పెట్టుకుని నాకు బిల్లుల్లో సాయం చేసేది. ఆ ఇంట్లో మాటలు పప్పు, చారు, మజ్జిగ దగ్గరే ఆగిపోయాయి. 'ఎంత మంచి పిల్ల, ఎంత తొందరగా మనసులోంచి తీసేసింది' అని ఊళ్లోవాళ్లు మెచ్చుకునేవారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా సూర్యారావుగారు లేచి ఏదో ఒక మొక్క దగ్గరికి వెళ్లిపోయేవారు.

ఏడాది గడిచాక ఒకరోజు ఆఫీసు గదిలోకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"ఏవయ్యా, గిటారు ఎలా చేస్తారు?"

"చేత్తోనే అనుకుంటానండి."

"వేళాకోళం తర్వాత. కుడిచేత్తో నొక్కి, ఎడమచేత్తో మీటేది ఉంటుందంట. మీటడానికి బొటనవేలూ చూపుడువేలూ చాలంట. అవి మన అమ్మాయికి ఉన్నాయి కదా."

"మామూలుదానికే తీగలు తిరగేసి కడితే?"

"షాపులో అడిగాను. లోపల అంటించే బద్దలు కూడా తిరగబడాలంట. లేకపోతే మోత సరిగా రాదంట."

"ఫోన్లో ఆర్డరు పెడితే ఇంటికే వచ్చేస్తుందండి. ఇంత దానికి..."

ఆయన కాసేపు టేబులు మీది చీటీలు సర్దారు. "కొనిచ్చామనుకో," అన్నారు, "అది నష్టపరిహారం అయిపోద్దయ్యా."

అలా మొదలైంది. ఆయనకి ఉలి పట్టుకోవడం రాదు, చిత్రిక పట్టడం రాదు, సంగీతం అసలే రాదు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నారు. అందులోవాళ్లు ఏ భాషలో చెప్పినా శ్రద్ధగా తలూపేవారు. వీణలకి వాడేది పనసే గదా అని, పాత పనస చెట్టు ఒకటి కోయించి, పలకలు చేయించి, షేడ్‌నెట్ కింద నీడలో వరసగా పేర్చి ఆరబెట్టారు. నర్సరీలో ఎవరూ చెయ్యని పని అది, వస్తువుని ఆరనివ్వడం. ఆయన మా మొక్కలు కొన్నవాళ్ల పొలాలు చూడ్డానికి అనంతపురం వెళ్లొచ్చేసరికి పలకల మీద పుట్టగొడుగులు లేచాయి. నీళ్లు పట్టే అప్పాయమ్మ రోజూ రెండు పూటలా వాటిని కూడా తడిపింది. నేను చూసినప్పుడు ఆ పుట్టగొడుగులు పెళ్లికి కూర వండేటన్ని ఉన్నాయి.

"వరసలో పెట్టారు కదండీ," అంది అప్పాయమ్మ. "వాడిపోయున్నాయని ఇంకో చెంబు ఎక్కువే పోశాను."

సూర్యారావుగారు ఒక పుట్టగొడుగు తుంచి చూశారు. "నర్సరీలో పెట్టి తడపొద్దంటే తప్పు నాదే," అన్నారు. రెండోసారి కోయించిన పలకలు తెచ్చి నా కుర్చీకి సరిగ్గా పైన, ఆఫీసు కప్పుకి వేలాడదీశారు. అక్కడైతే ఎవరూ నీళ్లు పోయరని. అవి ఆరేదాకా నేను నెత్తిన పనస చెట్టు పెట్టుకుని బిల్లులు రాశాను. గాలి గట్టిగా వీచిన రోజున నా జీతం కన్నా నా పుర్రె మీద ఎక్కువ బెంగగా ఉండేది.

పక్క చెక్కల్ని వంచడానికి బోరు పైపు ముక్కలో నిప్పులు పోసి, తడి చెక్కని దాని మీద అదిమేవారు. మొదటివన్నీ ఫటేలుమని విరిగాయి. జిగురు పెట్టి అతికించినవి ఆరేదాకా బిగించి పట్టడానికి సరంజామా లేదు. అప్పుడు ఆయన తనకి వచ్చిన ఒకే ఒక విద్యని బయటికి తీశారు. గిటారుకి అంటు కట్టారు. మామిడి కొమ్మలకి చుట్టే ప్లాస్టిక్ పట్టీతో, మెడ నుంచి పొట్ట దాకా చుట్టలు చుట్టలుగా. షెడ్డులో అది కాటికి సిద్ధం చేసిన మనిషిలా ఉండేది. చూడ్డానికి బాగాలేదని నేనంటే, "అంటు ఎప్పుడూ చూడ్డానికి బాగోదు," అన్నారు.

ఆ రోజుల్లోనే ఒక సంగతి చూశాను. తణుకు నుంచి వచ్చిన పార్టీకి ఆయన చిల్లర ఎడమచేత్తో ఇస్తున్నారు. ఆ పెద్దమనిషికి కోపం వచ్చింది.

"ఎడం చేత్తో ఇస్తారేంటండీ? లక్ష్మి కదా."

"క్షమించండి. అలవాటు చేసుకుంటున్నాను," అని సూర్యారావుగారు చెయ్యి మార్చారు. అప్పుడు కనిపించింది నాకు. ఎడమచేతి మధ్యవేలూ ఉంగరపువేలూ మడిచి, అంటు పట్టీతో అరచేతికి కట్టేసుకున్నారు. ఆ చేత్తోనే కత్తిరించేవారు, తాడు ముడేసేవారు, బల్లకి బిగించిన గిటారు తీగని మీటి చూసేవారు. ఏ పని ఎక్కడ జారుతుందో, ఏది ఎంత లావుంటే పట్టు చిక్కుతుందో చూసుకునేవారు. ఎవరైనా అడిగితే ముల్లు గుచ్చుకుందనేవారు. ఇంటికి వెళ్లేముందు విప్పేసేవారు. ఇంత పెంచి రాసే నేను, ఆ రోజు ఇంటికెళ్లి మా ఆవిడకి ఈ సంగతి చెబుదామని మొదలుపెట్టి, వంకాయల ధర చెప్పాను.

గిటారు పూర్తయింది. పొట్ట కొంచెం ఒక పక్కకి ఒరిగింది; బొప్పాయికీ గుమ్మడికీ మధ్య ఏదో నిర్ణయించుకోలేక ఆగిపోయిన ఆకారం. నేను మాత్రం ఉత్సాహం పట్టలేకపోయాను. అమ్మాయిని పిలిచి, పదిమందిలో చేతికిద్దామన్నాను. సన్నాయి మేళం కూడా మాట్లాడతానన్నాను.

"నోరు మెదిపావంటే ఊరుకోను," అన్నారు. "కొమ్మ నాటి, వేరు పడిందా లేదా అని రోజూ పీకి చూసేవాడికి మొక్క దక్కదయ్యా."

ప్యాకింగు షెడ్డులో గోనెసంచుల పైన మేకుకి తగిలించారు. ఎవరి కోసమో చెప్పలేదు. రమ్య రోజూ దాని ముందు నుంచే నడిచేది. తల తిప్పి చూసేది కూడా కాదు. వానలు పట్టాయి, వెలిశాయి. గిటారు మీద దుమ్ము పడితే ఆయనే తుడిచేవారు. నాకైతే ఇక ఆశ పోయింది.

ఒక మధ్యాహ్నం, కూలీలు అన్నాలకి వెళ్లిన వేళ, షెడ్డులోంచి ఒక్క తీగ మోగింది. ఆగింది. ఇంకోటి మోగింది. నడక నేర్చుకునే మనిషిలా తడబడుతూ, వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెడుతూ. నేను కిటికీలోంచి చూశాను. సూర్యారావుగారు షెడ్డుకి వీపు పెట్టి, పైపు పట్టుకుని మందార మొక్కలకి నీళ్లు పడుతున్నారు. వెనక్కి తిరగలేదు. ఒకే కుండీలో నీళ్లు పడుతున్నారు. అది నిండింది, పొర్లింది, మట్టి కొట్టుకుపోయింది, మొక్క పక్కకి వాలిపోయింది. ఆయన ఇంకా పడుతూనే ఉన్నారు.

రమ్య నేరుగా నా టేబులు దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, మూడో తీగ గుర్రుమంటోంది. నాన్నతో చెప్పండి."

ఆ మాట మోసుకెళ్లి చెప్పాను. ఆయన "అలా అందా?" అన్నారు. మళ్లీ "అలా అందా?" అన్నారు. పైపు నా చేతిలో పెట్టి, ఆకురాయి తీసుకుని, మెడ మీద తీగకి తగులుతున్న మెట్టు అరగదీయడానికి వెళ్లిపోయారు. నేను వర్ణించి వర్ణించి పొగిడిన వస్తువుకి ఆ పిల్ల ఒక్క వంక పెట్టగానే, మనిషికి పదేళ్ల వయసు తగ్గింది.

అప్పటి నుంచి వారంవారం ఫిర్యాదే. మెడ లావుగా ఉంది, తీగ బిగించే బిరడా జారుతోంది, తేమ గాలి తగిలితే శ్రుతి నిలవడం లేదు. మొదట నా ద్వారా, తర్వాత నన్ను దాటి నేరుగా.

"అసలు మీరు చెక్క ఎండబెట్టారా, నానబెట్టారా నాన్నా?"

"అప్పాయమ్మనడుగమ్మా."

రమ్య నవ్వింది; ఆ నవ్వు నేను చాలా కాలానికి విన్నాను. ఇద్దరూ గోనెసంచుల మీద కూర్చుని, ఒకరు లోపం చెప్పడం, ఒకరు అరగదీయడం. ఒకరోజు అలాగే కూర్చుని ఉండగా, ఆ గొంతులోనే, తీగ సంగతి అడిగినట్టే, రమ్య అడిగింది.

"ఆ రోజు మూత ఎందుకు బిగించలేదు నాన్నా?"

ఆకురాయి చప్పుడు ఆగిపోయింది. పక్కనే ఆఫీసు గదిలో ఉన్న నేను లేచి వెళ్లిపోదామనుకుని, కుర్చీ చప్పుడవుతుందని అలాగే కూర్చున్నాను.

"మర్చిపోయానమ్మా," అన్నారు సూర్యారావుగారు. లారీ వచ్చిందని చెప్పలేదు. బెల్టు ఇరుక్కుందని చెప్పలేదు.

"నాకు చాలా నొప్పేసింది," అంది.

"ఊఁ."

"ఇప్పటికీ చలికి సలుపుద్ది."

"ఊఁ."

చాలాసేపు చెప్పింది. ఆయన వంచిన తల ఎత్తకుండా మొత్తం విన్నారు. ఏడుపు వినిపించింది, ఎవరిదో నేను చూడలేదు. ఆ తర్వాత, "సరే, ఐదోది కూడా చూడండి, బుస కొడుతోంది," అన్న మాట వినిపించింది. ఆకురాయి మళ్లీ కదిలింది.

పోయిన వేసవిలో ఆయన కన్నుమూశారు. నర్సరీ ఇప్పుడు రమ్య చూసుకుంటోంది. చీటీలు నేనే రాస్తున్నాను, కాకపోతే కాయల సంఖ్య బాగా తగ్గించాను.

ఒకప్పుడు ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోతే అంతా సవ్యంగా ఉందని సంతోషించేవాణ్ణి. మా ఆవిడ నిశ్శబ్దంగా ఉన్న రోజు నాకు పండగ. ఇప్పుడు ఆ నిశ్శబ్దాన్ని నేను నమ్మను. ఆవిడ రెండు రోజులు మాట్లాడకుండా వడ్డిస్తే, కంచం ముందు నుంచి లేవకుండా, "ఎక్కడో గుర్రుమంటోంది, చెప్పు," అంటాను. మొదట ఏం లేదంటుంది. తర్వాత చెబుతుంది. పెళ్లి నాటి నుంచి మొదలుపెట్టి చెబుతుంది. నా దగ్గర ప్రతిదానికీ ఒక లారీ, ఒక బెల్టు సిద్ధంగా ఉంటాయి. వాటిని బయటికి తియ్యకుండా, కంచంలో చెయ్యి ఎండిపోతున్నా, "ఊఁ" అంటూ కూర్చుంటాను.